ఆదివారం ఎవరిది?

పల్లె మాటలు – 27

పోయిన ఆదివారం మా అమ్మ నాగార్జునకొండ లాంచీలో కూర్చున్న ఫోటోలు రెండు పెట్టాను. ఒక తమ్ముడు ఇన్‌బాక్సులో అడిగాడు: "అక్కా, బయట ఇన్ని జరుగుతుంటే పిక్నిక్ ఫోటోలు అవసరమా?" వెటకారంగా అడగలేదు. యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు, ఏ ఊళ్ళో ఏం జరిగినా ముందు బస్సెక్కే పిల్లవాడు. అతనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కానీ ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. సెలవు, షికారు, సరదా అనేవి కడుపు నిండినోళ్ళ వ్యవహారమనీ, మనకి ఆదివారమంటే సభో, ధర్నానో, నిజనిర్ధారణ కమిటీనో అయ్యుండాలనీ మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. అందుకే ఈ వారం ఆదివారం గురించే రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

ముందు ఒక మాట. ఆదివారం మనకి ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మాదిగలు వేల సంఖ్యలో వెళ్ళిన సంగతి మీకు తెలుసు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలా చేరిన వాళ్ళకి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. మతం సంగతి పక్కన పెట్టి మొదటి నియమం ఒక్కటే చూడండి. తరతరాలుగా ఆసామి ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాల్సిన మనిషి, వారంలో ఒక రోజు "ఇయ్యాళ రాను" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఊళ్ళల్లో ఎంత కోపం వచ్చిందో, ఎన్ని బెదిరింపులు నడిచాయో ఆ కాలం రాతల్లోనే ఉంది. ఆసాములకి బైబిలు కంటే ఎక్కువ మండింది ఆదివారం గురించే. పని మానేసే హక్కు కూలివాడి చేతికి వస్తే, ఆ రోజుకి వాడి ఒళ్ళు వాడిది అవుతుంది కాబట్టి.

అదే కాలంలో బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే ఉన్నాడు. ఫూలే అనుచరుడు, సత్యశోధక్ సమాజ్ మనిషి. 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టాడు. ఆ సంఘం కోరిన వాటిలో మొదటిది వారానికి ఒక రోజు సెలవు. ఏళ్ళ తరబడి అర్జీలు, సభలు నడిచాక 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. ఇవాళ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో శుక్రవారం సాయంత్రం "హ్యాపీ వీకెండ్" చెప్పుకునే వాళ్ళలో లోఖండే పేరు ఎంతమంది విన్నారు?

తర్వాత బాబాసాహెబ్. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు ఫ్యాక్టరీ చట్టానికి తెచ్చిన సవరణల్లో జీతంతో కూడిన సెలవులు ఉన్నాయి, వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించడం ఉంది. ఆయన పని గంటల లెక్క చూశాడంటే, మిగిలిన గంటల్లో కూలివాడు మనిషిగా బతకాలనే కదా.

అంటే తమ్ముడూ, ఆదివారం ఉద్యమానికి సెలవు కాదు. ఆదివారమే ఒక ఉద్యమం గెలిచి తెచ్చిన రోజు.

అయితే ఆ గెలుపు అందరికీ అందలేదు. ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్నవాళ్ళకి అందింది. పొలంలో ఉన్నవాళ్ళకి అందలేదు. మాది నరసరావుపేట అవతల ఒక ఊరు, మాదిగపల్లె. మా పల్లెలో ఆదివారమంటే పొద్దున గుడికి పోయి ప్రార్థన చేసుకుని రావడం, నాట్లో కోతలో ఉంటే ప్రార్థన అవగానే మళ్ళీ చేలోకి పోవడం. మిగతా రోజుల్లో వారం బట్టలన్నీ ఉతకడం, పుల్లలు తేవడం, నీళ్ళు మొయ్యడం. మగవాళ్ళకి ఆదివారం సగం రోజు ఉండేది, అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళకి ఆ సగం కూడా లేదు. మా అమ్మకి అరవై ఏళ్ళు దాటాయి. ఆమె పెళ్ళికో చావుకో ఆసుపత్రికో కాకుండా ఊరు దాటిన రోజు ఒక్కటైనా ఉందా అని మేం అన్నాచెల్లెళ్ళం కూర్చుని లెక్కేశాం. ఒక్కటి కూడా తేలలేదు. హాస్టల్లో ఉన్నప్పుడు మమ్మల్ని చూడ్డానికి వచ్చిన ఆదివారాలు ఉన్నాయి. అది షికారు కాదు. పొద్దున్నే బయల్దేరి, రెండు బస్సులు మారి, మాకు జంతికల మూట ఇచ్చి, హాస్టల్లో ఆదివారం చికెన్ పెట్టారా లేదా అని అడిగి, చీకటి పడకముందే వెళ్ళిపోయేది.

"ఎక్కడికి పోదాం అమ్మా?" అంటే ముందు "నాకెందుకు, మీరు పొయ్యి రండి" అంది. రెండు రోజులాగి తనే చెప్పింది: "సాగర్ డ్యాం చూపిచ్చండి. మా అమ్మ ఎప్పుడూ చెప్పేది."

మా అమ్మమ్మ నాగార్జునసాగర్ కట్టేటప్పుడు తట్ట మోసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలింది. ఈ రెండు తారీఖులూ ప్రతి గైడూ చెబుతాడు. ఈ రెండు తారీఖుల మధ్య పన్నెండేళ్ళు ఏం జరిగిందో మా అమ్మమ్మ చెప్పేది. సాగర్ ఆనకట్ట ప్రధాన భాగం రాతికట్టడం. 124 మీటర్ల ఎత్తు. యంత్రాలతో కాంక్రీటు పొయ్యకుండా, మనుషుల చేత రాయి మీద రాయి పేర్పించారు. పల్నాడు నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వేలాది మంది వచ్చి గుడిసెలేసుకున్నారు. చుట్టకుదురు మీద తట్ట, తట్టలో సున్నమో సిమెంటో రాయో, చంకలోనో నేల మీదో పిల్ల. అట్లా నేల మీద పడుకున్న పిల్లల్లో మా అమ్మ ఒకతె. 1959లో ఆ కూలీల గుడిసెల్లోనే పుట్టింది.

ఆనకట్ట పూర్తయింది. 203 కిలోమీటర్ల కుడి కాలవ మా వైపు నీళ్ళు తెచ్చింది. మెట్ట చేలు మాగాణి అయ్యాయి. ఎకరం రేటు పెరిగింది. చేను ఉన్నవాళ్ళు మేడలు కట్టారు. రాయి మోసిన మా అమ్మమ్మకి చేను లేదు. ఆ కాలవ నీళ్ళు పారిన మడిలో మా అమ్మ నాట్లు వేసింది. తల్లి ఆనకట్ట కట్టింది, కూతురు దాని కింద కూలికి పోయింది. మా ఇంట్లో పంచవర్ష ప్రణాళిక చరిత్ర ఇంతే.

కార్తీకంలో ఒక ఆదివారం బయల్దేరాం. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ పిల్లలిద్దరూ, నేను. వదిన తెల్లవారుజామున మూడింటికి లేచి గారెలు వండింది, కోడికూర చేసింది. "ఒక్కరోజన్నా హోటల్లో తిందాం వదినా" అంటే "హోటల్లో తింటే ప్రయాణం ఏవుంటది" అంది. అదీ నిజమే గానీ, ఆడవాళ్ళ ఆదివారం గురించి ఇంత రాస్తూ ఈ సంగతి దాటెయ్యకూడదు: మా ప్రయాణంలో కూడా అందరికంటే ముందు లేచింది వదినే. తిరిగొచ్చాక గిన్నెలు అన్నయ్య తోమాడు. అది కూడా రాయాలి.

కారంపూడిలో ఆగాం. నాగులేరు ఒడ్డున వీరుల గుడి ఉంది. 12వ శతాబ్దం నాటి పల్నాటి యుద్ధం ఇక్కడే జరిగింది. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని, దాన్నే చాపకూడు అన్నారని, మాల కన్నమదాసుని కొడుకులా చూసి సేనాపతిని చేశాడని కథ. కన్నమదాసు పేరు వినగానే మా మేనల్లుడు లేచి కూర్చున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు, మాచర్ల వైపు ఇంత కథ ఉందని వాడికి ఏ పుస్తకంలోనూ రాలేదు. నేను వాడికి రెండో వైపు కూడా చెప్పాను. ఒక దొర దయ తలిచి చాప పరిస్తే అది సమానత్వం అయిపోదు. కానీ పదో పన్నెండో శతాబ్దాల్లో కూడా, కలిసి తినడమే అసలు గొడవ అని ఈ నేలకి తెలుసు. యుద్ధం వచ్చింది కోడిపందెం వల్ల అంటారు. చాప వల్ల ఎంత వచ్చిందో ఎవరూ లెక్కెయ్యలేదు.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. అమ్మకి పడవ కొత్త. మొదట వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది, కొంత దూరం పోయాక వదిలేసింది, తర్వాత లేచి కమ్మీ దగ్గరికి పోయి నిలబడింది. మీరు చూసిన ఫోటో అప్పటిది. "ఇదంతా మా అమ్మ ఆపిన నీళ్ళేనా?" అంది. అన్నయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కొండ మీద మ్యూజియం ఉంది (శుక్రవారం సెలవు, వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి). ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. 1926లో ఈ శిథిలాలు బయటపడ్డాయి. ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆగకుండా తవ్వి, దొరికినవి కొండ మీదికీ, అటు అనుపుకీ తరలించారు. మ్యూజియంలో బుద్ధుడి ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. ఆమెకి యేసుప్రభువు తప్ప తెలీదు. "ఈయన్నేనా అంబేద్కరు పట్టుకుంది?" అనడిగింది. అవునన్నాను. "మొహం నిమ్మళంగా ఉంది" అంది.

అక్కడి శాసనాల గురించి ఒక సంగతి విద్యార్థినులకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ బౌద్ధ కట్టడాలకి దానాలిచ్చిన వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ. బోధిశ్రీ అనే ఉపాసిక కూడా తన పేరు రాయించుకుంది. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఆడవాళ్ళ పేర్లు రాతి మీద ఉన్నాయి. అమ్మకి ఇది చెబితే ఆమె అడిగిన ప్రశ్న ఇది: "డబ్బులిచ్చినోళ్ళ పేర్లు రాశారు సరే. రాళ్ళు మోసినోళ్ళ పేర్లు అప్పుడు గూడా రాయలేదా?"

మనం సెమినార్లలో గంటలు గంటలు మాట్లాడి చేరుకునే చోటికి ఆమె రెండు ముక్కల్లో వచ్చేసింది. అమ్మానాన్నల్ని మ్యూజియంకి తీసుకెళ్ళమని నేనంటున్నది ఇందుకే. వాళ్ళకి చూపించడానికి కాదు, వాళ్ళు చూస్తే ఏం కనిపిస్తుందో మనం తెలుసుకోడానికి.

మధ్యాహ్నం ఎత్తిపోతలకి వచ్చాం. చంద్రవంక డెబ్భై అడుగుల మీంచి పడే చోటు. చెట్టు కింద దుప్పటి పరిచాం. పక్కనే ఇంకో కుటుంబం ఉంది. వాళ్ళ పాప, మా మేనకోడలు కలిసి ఆడుకుంటున్నారు. వాళ్ళావిడ మంచిగా పలకరించింది, మా పిల్లలకి లడ్డూలు ఇచ్చింది. మా వదిన డబ్బా నిండా గారెలు పెట్టి పంపింది. తర్వాత మామూలుగా మొదలయ్యే మాటలు మొదలయ్యాయి. ఏ ఊరు, ఏం చేస్తారు, పిల్లలు ఏం చదువుతున్నారు. మూడో నాలుగో ప్రశ్న తర్వాత అసలుది వచ్చింది: "మీరేవిటోళ్ళు?"

ఈ ప్రశ్నకి మనలో ఎన్ని జవాబులున్నాయో మీకు తెలుసు. కొందరం "క్రిస్టియన్స్" అంటాం. కొందరం మాట మారుస్తాం. అద్దె ఇంటి కోసమైతే ఇంకేదో చెబుతాం. అమ్మ తల కూడా తిప్పకుండా "మాదిగోళ్ళం అమ్మా" అంది.

కేకలు లేవు, తిట్లు లేవు. ఆవిడ నవ్వుతూనే ఉంది. కాసేపటికి గారెల డబ్బా తిరిగొచ్చింది. నిండుగా. "కార్తీకం కదండీ, మేం నీచు ముట్టం" అని చెప్పి పంపారు. వాళ్ళ పాపని ఎండ పేరు చెప్పి లోపలికి పిలుచుకున్నారు. మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు. "నాన్నమ్మా, గారెల్లో నీచు ఏముంటది?" అనడిగింది.

అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ డబ్బా మూత తీసి ఆ పిల్ల చేతిలో ఒక గారె పెట్టింది. "ఏం లేదమ్మా. మినప్పప్పే. వాళ్ళు తినకపోతే మనకి నాలుగు మిగిలినయ్యి" అంది. తర్వాత మిగతావి కారు డ్రైవరుకీ, అక్కడ చెత్త ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్ళకీ పంచిపెట్టింది. వాళ్ళతో అరగంట మాట్లాడింది. ఆదివారం జనం ఎక్కువ వస్తారు కాబట్టి ఆ రోజే పని ఎక్కువంట. మన వీకెండ్ వాళ్ళకి పెద్ద డ్యూటీ.

ఇంటికొచ్చాక మేనల్లుడు అడిగాడు, "అత్తా, ఇది కేసు పెట్టే విషయమేనా?" కాదు. ఏ సెక్షన్ కిందికీ రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చట్టానికి అందని చోట కులం చాలా హాయిగా బతుకుతుంది. ఆ చోట్లలో ముఖ్యమైంది సరదా. ఆఫీసులో పక్క సీట్లో కూర్చుంటారు, తప్పదు. ఇష్టపూర్వకంగా గడిపే టైము ఎవరితో గడుపుతారు, ఎవరి డబ్బాలోంచి తింటారు అన్న దగ్గరే అసలు మనిషి తెలుస్తాడు.

ఇది కొత్త కాదు. 1934లో అంబేద్కర్, ఆయన సహచరులు దాదాపు ముప్పై మంది వేరూల్ గుహలు చూడ్డానికి బయల్దేరారు. ఆయన జీవితంలో అరుదైన విహారయాత్ర అది. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అది అప్పుడు నిజాం రాజ్యం, అంటే మన హైదరాబాద్ సంస్థానమే. ప్రయాణంలో దుమ్ము కొట్టుకుపోయి, కోట వాకిట్లో ఉన్న చిన్న నీళ్ళ తొట్టి దగ్గర కాళ్ళూ మొహాలూ కడుక్కున్నారు. అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేశారని ఒక ముసలాయన అరుస్తూ వచ్చాడు, జనం పోగయ్యారు. చివరికి కోట లోపలికి వదిలారు గానీ, ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడ్డానికి వెంట ఆయుధం పట్టుకున్న సిపాయిని పంపారు. లండన్‌లో, న్యూయార్కులో చదివి, రౌండ్ టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వచ్చిన మనిషి ఆయన. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ సంఘటన ఆయనే రాసుకున్నాడు. చాలా చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. చదవని వాళ్ళు ఈ ఆదివారం చదవండి.

ఇక చుండూరు. 1991లో గొడవకి నిప్పు ఎక్కడ అంటుకుంది? సినిమా హాల్లో. చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో వాళ్ళకి తగిలిందని. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కాలు తగలడం సాకు. మనవాడు టికెట్ కొనుక్కుని, ఇస్త్రీ బట్టలేసుకుని, సీట్లో వెనక్కి వాలి సినిమా చూడ్డం అసలు కారణం. మన కూలి వాళ్ళకి కావాలి, మన ఓటు కావాలి. మన సరదా మాత్రం కళ్ళల్లో పడుతుంది.

అదే కార్తీకంలో ఊరూరా ఫ్లెక్సీలు చూస్తున్నాం కదా. ఫలానా కుల సంఘం వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినమని పెట్టుకున్న ఆచారం, కులానికొక తోటగా విడిపోయింది. ఎమ్మెల్యేలు, మంత్రులు వస్తారు, పెళ్ళి సంబంధాలు కుదురుతాయి, కాంట్రాక్టులు కుదురుతాయి. "మనం కూడా పెట్టుకుందాం" అని మనవాళ్ళు కొందరు అంటున్నారు. మాలలొక తోట, మాదిగలొక తోట. వాళ్ళ ఆవేశం అర్థమవుతుంది. ఎక్కడా పిలవని వాడు తన విస్తరి తనే వేసుకుంటాడు. కానీ నాకు ఒప్పుదల లేదు. వర్గీకరణ మీద మనం ఎంతైనా వాదించుకుందాం, నా పక్షం ఏదో మీకు తెలుసు. వాదించుకున్నాక కూర్చుని తినడానికి ఒక్క చాప కూడా లేకపోతే, ఆ వాదన వల్ల బాగుపడేది మనం కాదు.

విద్యార్థులకి ఇంకొక్క మాట. 2014 మే 25న పాకాల అనే ఊరి లంబాడా పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. మొదట శిక్షణ తీసుకుంది భువనగిరి గుట్ట మీద. కొండలెక్కడం డబ్బున్నోళ్ళ ఆట అన్నారు. పుల్లల కోసం, మేకల వెనక, మనవాళ్ళు ఎక్కని గుట్ట ఏముంది? కడుపు కోసం ఎక్కినప్పుడు దానికి పేరు లేదు. ఇష్టంతో ఎక్కితే అది సాహసం. ఆ ఇష్టం మన పిల్లలకి రావాలంటే ఎవరో ఒకరు ఒక ఆదివారం వాళ్ళని గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాలి.

కాబట్టి తమ్ముడూ, నా జవాబు ఇది. ధర్నాకి వద్దాం, తప్పకుండా వద్దాం. నెలకి నాలుగు ఆదివారాల్లో ఒకటి ఇంటికి ఇవ్వు. మీ అమ్మని, నాన్నని "ఎక్కడికి పోవాలనుంది" అని అడుగు. మొదటిసారి ఏమీ చెప్పరు. రెండోసారి అడుగు. వాళ్ళు కట్టిన ఆనకట్టో, పోసిన రోడ్డో, ఒక్కసారీ లోపలికి పోని కోటో చెబుతారు. అక్కడికి తీసుకెళ్ళు. ఎవరైనా "మీరేవిటోళ్ళు" అనడిగితే మా అమ్మలాగా చెప్పు.

కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారంపూడిలో వీరుల తిరునాళ్ళ. మందపోరు రోజు చాపకూడు ఉంటుంది. మేం కొందరం వెళ్తున్నాం. హాస్టల్ పిల్లలు వస్తామంటే ముందుగా చెప్పండి, వదినా అన్నయ్యా ఈసారి కలిసి వండుతారట. ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకోండి. చాప మీద అన్నీ కలిపేద్దాం.

జై భీమ్.